మబ్బులోకి వెళ్లే పైలట్‌కు ఏం తెలియాలి?

1999 జులై 16 రాత్రి జాన్ ఎఫ్. కెనడీ జూనియర్ తన భార్యను, ఆమె అక్కను ఎక్కించుకుని న్యూజెర్సీలోని ఎసెక్స్ కౌంటీ విమానాశ్రయం నుంచి బయలుదేరారు. ఒక్క ఇంజిన్ ఉన్న పైపర్ సారటోగా, ఆయన సొంత విమానం. అప్పటికి సుమారు 310 గంటలు ఎగిరిన అనుభవం ఉంది. ఆ రాత్రి తుపాను లేదు, వాన లేదు. ప్రైవేట్ పైలట్ లైసెన్సు ఉన్న ఎవరైనా బయలుదేరడానికి చట్టం ఒప్పుకునే వాతావరణమే. కాకపోతే సముద్రం మీద మసక కమ్ముకుని ఉంది. తీరం దాటాక ఆకాశం ఎక్కడ ముగిసిందో, నీళ్లు ఎక్కడ మొదలయ్యాయో చూపించే దీపం ఒక్కటీ లేదు. మార్తాస్ వినియార్డ్ దీవి దగ్గరపడుతుండగా విమానం కుడికి ఒరిగి, ఒరుగుతూనే కిందికి దిగి, చివరి క్షణాల్లో నిమిషానికి 4,700 అడుగులకు పైగా వేగంతో జారి సముద్రంలో పడింది. ముగ్గురూ చనిపోయారు. విమానం ఎటు ఒరిగిందో తెలియని స్థితిలో పైలట్ అదుపు కోల్పోయారని అమెరికా రవాణా భద్రతా బోర్డు, అంటే ఎన్‌టీఎస్‌బీ, తేల్చింది.

దర్యాప్తు నివేదికలో ఇంకో చిన్న వివరం ఉంది. కెనడీ ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కోసం రాత పరీక్ష ఆ మార్చిలోనే పాసయ్యారు. ఏప్రిల్‌లో శిక్షణలో చేరి 25 పాఠాల్లో 12 పూర్తి చేశారు. మిగతా 13 పాఠాలు చదివి ఉంటే బతికేవారా అని అమెరికా పైలట్లు ఇప్పటికీ వాదించుకుంటారు. ఆ వాదన ఎటూ తెగదు గానీ, ఆ రేటింగ్ అసలు ఏం నేర్పుతుంది, ఎవరికి అక్కరకొస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది అన్న ప్రశ్నలకు మాత్రం జవాబులు దొరుకుతాయి.

ప్రైవేట్ పైలట్ లైసెన్సు, అందరూ పీపీఎల్ అనేది, కిటికీలోంచి బయటికి చూస్తూ నడపడానికి ఇచ్చే అనుమతి. అమెరికాలో పది వేల అడుగుల లోపు చాలా గగనతలంలో కనీసం 3 మైళ్ల దూరం కనిపించాలి. మబ్బుకు కింద 500 అడుగులు, పైన 1,000, పక్కన 2,000 అడుగుల ఎడం ఉంచాలి. వీటిని వీఎఫ్ఆర్ నిబంధనలు అంటారు. ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఈ గీతను చెరిపేస్తుంది. ఇక పైలట్ ఐఎఫ్ఆర్, అంటే సాధనాల మీద ఎగిరే నిబంధనల కింద, కంట్రోలర్ చెప్పిన దారిలో, చెప్పిన ఎత్తులో, కిటికీ బయట తెల్లటి గోడ తప్ప ఏమీ కనిపించకపోయినా ప్యానెల్ మీది సాధనాలు చూసుకుంటూ వెళ్లొచ్చు.

రేటింగ్ లేనివాళ్లు ఆ తెల్లటి గోడలో ఎంతసేపు నిలబడతారు? దీన్ని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో నిజంగానే కొలిచారు. 1954లో వెలువడిన ఆ పరిశోధనలో సాధనాలతో ఎగిరిన అనుభవం లేని 20 మందిని బీచ్‌క్రాఫ్ట్ బొనాంజాలో కూర్చోబెట్టి, బయట ఏమీ కనిపించకుండా చేశారు. ఇరవై మందీ అదుపు తప్పారు. 19 మంది విమానాన్ని ఒరుగుతూ దిగే సుడిలోకి నెట్టారు, మిగిలిన ఒక్కరు ముక్కు పైకెత్తి స్టాల్ చేశారు, అంటే రెక్కలకు విమానాన్ని మోసే శక్తి పోయేలా చేశారు. ఒకరికి 20 సెకన్లు పట్టింది, ఇంకొకరికి 8 నిమిషాలు. సగటు 178 సెకన్లు. మూడు నిమిషాలకు రెండు సెకన్లు తక్కువ. ఈ అంకె అమెరికాలో చాలామంది పైలట్లు తడుముకోకుండా చెబుతారు. పీపీఎల్ శిక్షణలోనే సాధనాల మీద 3 గంటలు నేర్పాలని ఇప్పుడక్కడ నియమం ఉంది. మబ్బులో చిక్కితే వెనక్కి తిరిగి బయటపడటానికే తప్ప, ముందుకు పోవడానికి కాదు.

తప్పు చేతుల్లో లేదు, చెవిలో ఉంది. లోచెవిలో ద్రవం నిండిన మూడు సన్నటి నాళాలు తల తిరుగుడును పసిగట్టి మెదడుకు చెబుతాయి. తిరుగుడు మొదలైనప్పుడూ ఆగినప్పుడూ మాత్రమే అవి సరిగ్గా చెప్పగలవు. ఒకే వేగంతో తిరుగుతూ ఉంటే కాసేపటికి ద్రవం కూడా నాళంతో పాటే తిరుగుతుంది, తిరగడం లేదనిపిస్తుంది. అప్పుడు పైలట్ విమానాన్ని సమంగా నిలబెడితే అవతలి పక్కకు ఒరిగిపోతున్నట్టు అనిపిస్తుంది. దాన్ని ‘సరిచేయడానికి’ మళ్లీ మొదటి వైపే ఒరిగిస్తాడు. ముక్కు దిగుతుంది, వేగం పెరుగుతుంది. ఎత్తు తగ్గుతోందని కంట్రోల్ కాలమ్ వెనక్కి లాగితే ఎత్తు పెరగదు, సుడి ఇంకా బిగుస్తుంది. ఇదంతా జరుగుతున్నంతసేపూ ఒళ్లు మాత్రం అంతా సవ్యంగానే ఉందని చెబుతూనే ఉంటుంది.

ఈ సంగతి మొదట పట్టుకున్నవాళ్లలో అమెరికా సైన్యంలోని విలియం ఓకర్ ఒకరు. 1926లో డాక్టర్ డేవిడ్ మైయర్స్ ఆయన్ను గుండ్రంగా తిరిగే బారనీ కుర్చీలో కళ్లు మూసి కూర్చోబెట్టినప్పుడు, ఎటు తిరుగుతున్నారో ఓకర్‌కే తెలియలేదు. మూడేళ్లకు, 1929 సెప్టెంబరు 24న, లాంగ్ ఐలాండ్‌లోని మిచెల్ ఫీల్డ్‌లో జిమ్మీ డూలిటిల్ కాక్‌పిట్ మీద కప్పు వేసుకుని విమానం లేపారు, చుట్టు తిప్పారు, దింపారు. బయటికి ఒక్కసారి కూడా చూడలేదు. ముందు సీట్లో బెన్ కెల్సీ ఉన్నారు గానీ చేతులు కంట్రోల్స్ మీద పెట్టలేదు. డూలిటిల్ ఎదుట కొత్తగా తయారైన మూడు సాధనాలు ఉన్నాయి: స్పెరీ వారి కృత్రిమ హొరైజన్, డైరెక్షనల్ జైరో, కోల్స్‌మన్ ఆల్టిమీటర్. నేటి సెస్నా ప్యానెల్‌లో తెరలు వచ్చాయి, రంగులు వచ్చాయి, కానీ వాటిలో కనిపించేది ఆ మూడింటి సంతానమే.

సాధనం ఉంటే సరిపోదని 1959 ఫిబ్రవరి 3న మళ్లీ రుజువైంది. రాక్ గాయకుడు బడీ హోలీ, మరో ఇద్దరు గాయకులు ఎక్కిన బొనాంజా అయోవాలోని క్లియర్ లేక్ దగ్గర మంచు కురిసే చీకట్లో పొలంలో కూలింది. 21 ఏళ్ల పైలట్‌కు ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ లేదు, అంతకు ముందు ఒక పరీక్షలో తప్పారు కూడా. ఆ విమానంలోని ఆటిట్యూడ్ జైరో ఆయన అలవాటు పడ్డదానికి తలకిందులుగా చూపించే రకం.

అమెరికాలో ఈ రేటింగ్‌కు నియమాలు కాగితం మీద తేలిగ్గానే కనిపిస్తాయి. పైలట్ ఇన్ కమాండ్‌గా 50 గంటల క్రాస్ కంట్రీ. సాధనాల మీద 40 గంటలు, నిజం మబ్బులోనైనా సరే, కళ్లకు అడ్డం పెట్టుకునైనా సరే. అందులో కనీసం 15 గంటలు అధికారం ఉన్న ఇన్‌స్ట్రక్టర్‌తో. ఒకే ప్రయాణంలో 250 నాటికల్ మైళ్లు తిరిగి మూడు వేర్వేరు రకాల అప్రోచ్‌లు, అంటే సాధనాలతో రన్‌వే వైపు దిగే పద్ధతులు, చేయాలి. 60 ప్రశ్నల రాత పరీక్షలో 70 శాతం రావాలి. చివర్లో ఎగ్జామినర్ ముందు మౌఖిక పరీక్ష, ఆ వెంటనే గాల్లో పరీక్ష. ఆమోదం ఉన్న మేలురకం శిక్షణ పరికరంలో 20 గంటల వరకు లెక్కలోకి తీసుకుంటారు. గంటల భారం చూసి భయపడేవాళ్లు తక్కువే. కష్టం వేరే చోట ఉంది.

మొదటి పది గంటలూ చాలామందికి ఒకటే గొడవ, కళ్లు తిప్పడం. ‘ఫాగల్స్’ అనే కళ్లద్దాలకు పై సగం మసకగా ఉంటుంది, అవి పెట్టుకుంటే ప్యానెల్ తప్ప ఏమీ కనబడదు. హొరైజన్, వేగం, ఎత్తు, దిశ, మలుపు, దిగే రేటు... ఒక్కోదాని మీద సెకను సేపు నిలిచి మళ్లీ మధ్యకు రావాలి. ఎత్తు 60 అడుగులు తగ్గిందని ఆల్టిమీటర్‌నే చూస్తూ కూర్చుంటే దిశ 15 డిగ్రీలు పోయి ఉంటుంది. ఒక్కదాని మీదే చూపు అతుక్కుపోయే ఈ జబ్బును శిక్షణలో ఫిక్సేషన్ అంటారు. ఇది నేర్చుకునేవాళ్లకే పరిమితం కాదు. 2009 సెప్టెంబరు 2న బేగంపేట నుంచి చిత్తూరు బయలుదేరిన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి హెలికాప్టర్ నల్లమలలో పావురాలగుట్ట దగ్గర కూలి ఐదుగురు చనిపోయారు. చెడు వాతావరణంలో ఎగురుతున్న సమయంలోనే ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక మీద సిబ్బంది దృష్టి చిక్కుకుపోయిందని విచారణ కమిటీ చెప్పింది. అది ఇద్దరు వృత్తి పైలట్లు నడిపిన హెలికాప్టర్, ప్రైవేట్ పైలట్ సంగతి కాదు. అయినా మనిషి చూపు ఎంత తేలిగ్గా ఒకచోట ఇరుక్కుంటుందో చెప్పడానికి మనవాళ్లకు అంతకన్నా దగ్గరి ఉదాహరణ లేదు.

కళ్లు దారిలో పడేసరికి చెవులకు పని పెరుగుతుంది. బయలుదేరక ముందే కంట్రోలర్ క్లియరెన్స్ చదువుతాడు: ఎక్కడి దాకా, ఏ దారిలో, ఎంత ఎత్తులో, తర్వాత ఏ ఫ్రీక్వెన్సీ, ట్రాన్స్‌పాండర్ కోడ్ ఎంత. ఈ ఐదూ ఆగకుండా పది పదిహేను సెకన్లలో వచ్చేస్తాయి. మోకాలికి కట్టుకున్న ప్యాడ్ మీద పొట్టి అక్షరాల్లో గీసుకుని, తప్పు లేకుండా తిరిగి చదివి వినిపించాలి. మన వాళ్ల ఇంగ్లిష్ బాగానే ఉన్నా, మొదటిసారి సగమే కాగితం మీద పడటం మామూలు. దానికి సిగ్గుపడక్కర్లేదు, మళ్లీ చెప్పమని అడగొచ్చు. తెలిసినట్టు నటించడమే ప్రమాదం.

ఆ తర్వాత హోల్డింగ్. ముందు ట్రాఫిక్ ఉందనో, వాతావరణం తేరుకోలేదనో కంట్రోలర్ ఒకచోట చుట్లు కొట్టమంటాడు. మామూలుగా కుడి మలుపులు, లోపలికి వచ్చే వైపు ఒక నిమిషం. చెప్పడానికి ఇంతే. కానీ ఏ దిక్కు నుంచి వస్తున్నామన్న దాన్ని బట్టి అందులోకి దూరే పద్ధతులు మూడు, గాలి తోస్తూ ఉంటే ఆ నిమిషాన్ని కూడా సవరించుకోవాలి. ఇది చెప్పేటప్పుడు ఎవరైనా కాగితం మీద బొమ్మలు గీస్తారు, గాల్లో గీసుకునే తీరిక ఉండదు. నిజ జీవితంలో హోల్డింగ్ అరుదుగానే వస్తుంది, పరీక్షలో మాత్రం తప్పకుండా వస్తుంది.

అసలు సారం అప్రోచ్‌లో ఉంది. సెస్నా 172లో ఐఎల్ఎస్ అప్రోచ్, అంటే నేల మీది రేడియో సంకేతాలను పట్టుకుని రన్‌వేకు దిగడం, తీసుకుందాం. వేగం 90 నాట్లు, దిగే వాలు 3 డిగ్రీలు, అంటే నిమిషానికి దాదాపు 480 అడుగులు. తెర మీద రెండు సూదులు, ఒకటి ఎడమ కుడి చెబుతుంది, రెండోది పైన కింద. రన్‌వేకు దగ్గరయ్యే కొద్దీ సూదులు సున్నితమైపోతాయి, రెండు డిగ్రీలు తప్పితేనే పక్కకు పారిపోతాయి. బయట ఇంకా తెలుపే. 500 అడుగులు. 400. చెయ్యి కంట్రోల్ కాలమ్‌ను కదిపితే ఎక్కువ అవుతుంది, వేళ్లతో ఒత్తినట్టు ఉండాలి. మామూలు ఐఎల్ఎస్‌లో నేలకు 200 అడుగుల దగ్గర నిర్ణయం తీసుకోవాలి. రన్‌వే దీపాలు కనిపించాయా, దిగొచ్చు. కనిపించలేదా, ఆ క్షణాన్నే పవర్ పెంచి, ముక్కెత్తి, మళ్లీ మబ్బులోకి పోవాలి. ‘ఇంకో యాభై అడుగులు చూద్దాం’ అన్న ఆలోచనకు ఇక్కడ చోటు లేదు. మిస్డ్ అప్రోచ్ చేయగలిగినవాడినే ఎగ్జామినర్లు నమ్ముతారు, దిగగలిగినవాడిని కాదు.

ఇంతటి పనినీ ఉపగ్రహాలు కొంత తేలిక చేశాయి. 2003లో అమెరికా వాస్ అనే జీపీఎస్ సవరణ వ్యవస్థను మొదలుపెట్టాక, నేల మీద ఐఎల్ఎస్ పరికరాలు లేని చిన్న విమానాశ్రయాలకు కూడా దాదాపు అంతే కచ్చితత్వంతో ఎల్‌పీవీ అప్రోచ్‌లు వచ్చాయి. ప్రైవేట్ పైలట్‌కు జరిగిన పెద్ద మేలు అదే. మన దేశంలో ఇస్రో, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ కలిసి చేసిన గగన్ అదే కోవలోది. 2022 ఏప్రిల్‌లో ఇండిగో ఏటీఆర్ విమానం రాజస్థాన్‌లోని కిషన్‌గఢ్‌లో దాని సాయంతో దిగింది.

యూరప్ వేరే దారి పట్టింది. అక్కడ ప్రైవేట్ పైలట్‌కు కూడా వృత్తి పైలట్ల స్థాయి రాత పరీక్షలు పెట్టి చాలా ఏళ్లు భయపెట్టారు, దాంతో అటు పోయినవాళ్లు తక్కువ. తప్పు తెలుసుకుని 2014లో చదువు భారం తగ్గించిన పద్ధతి తెచ్చారు. 2021 నుంచి బేసిక్ ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ వచ్చింది, అందులో గంటల లెక్క కన్నా నేర్చిందే చూస్తారు. బ్రిటన్‌లో 1969 నుంచి ఐఎంసీ రేటింగ్ ఉంది. 15 గంటల శిక్షణ, 25 నెలల గడువు, బ్రిటన్ గడప దాటితే చెల్లదు. మబ్బులో ఇరుక్కున్న పైలట్‌ను క్షేమంగా దింపే మేరకే నేర్పుతుంది. ఇన్నింటిలో ప్రైవేట్ పైలట్ అవసరానికి దగ్గరగా ఉన్నది ఈ చిన్న బ్రిటిష్ రేటింగే అనిపిస్తుంది. అమెరికా పూర్తి మెట్లన్నీ ఎక్కమంటుంది, లేదా గుమ్మం దగ్గరే ఆపుతుంది. నడుమ మెట్టు లేదు.

భారతదేశంలో లెక్క మరోలా ఉంటుంది. ఇక్కడ పీపీఎల్ చాలామందికి కమర్షియల్ లైసెన్సు దారిలో ఒక మజిలీ, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ కూడా ఆ కోర్సులో భాగంగానే చేస్తారు. సరదాగా ఎగిరే ప్రైవేట్ పైలట్‌కు అది దక్కినా వాడుకునే సందు తక్కువ. చిన్న ఎయిర్‌స్ట్రిప్పులు చాలావాటికి అప్రోచ్ చార్టులే లేవు. అమెరికాలో ఫోన్‌లో ఫ్లైట్ ప్లాన్ పెట్టి పది నిమిషాల్లో బయలుదేరేచోట, ఇక్కడ వాయుసేన వైపు నుంచి గగనతల రక్షణ అనుమతి అయిన ఏడీసీ నంబరు, ఫ్లైట్ ఇన్ఫర్మేషన్ సెంటర్ నుంచి ఎఫ్ఐసీ నంబరు తెచ్చుకోవాలి. కానీ ఇంకో కోణం ఉంది. సూర్యాస్తమయం తర్వాత 20 నిమిషాలు దాటితే, ఫ్లయింగ్ క్లబ్ శిక్షణ లాంటి మినహాయింపులు తప్ప, ఇక్కడ వీఎఫ్ఆర్‌లో ఎగరకూడదు. కెనడీ చేసినట్టు చీకట్లో కళ్ల మీద ఆధారపడి ఊరు దాటడం ఈ దేశంలో అసలే కుదరదు. ఈ నియమం కాస్త మోటుగా ఉంటుంది, కానీ ఆ రాత్రి లాంటి రాత్రులకు అదే సరైన జవాబు.

తెలుగువాళ్లకు ఈ రేటింగ్ నిజంగా అక్కరకొచ్చేది అమెరికాలో. కాలిఫోర్నియా బే ఏరియాలో వేసవి పొద్దుటి పూట సముద్రం మీదుగా పల్చటి మబ్బు పొర వచ్చి విమానాశ్రయాలను కప్పేస్తుంది. పైన రెండు వేల అడుగులు దాటితే ఎండ కాస్తూ ఉంటుంది. రేటింగ్ లేనివాళ్లు పదకొండింటి దాకా కాఫీ తాగుతూ కూర్చోవాలి, ఉన్నవాళ్లు ఐదు నిమిషాల్లో పొర దాటి పైకి తేలతారు. పొర లోపల మంచుగడ్డ లేదు, ఉరుము లేదు. నేర్చుకోవడానికి అంతకన్నా మెత్తటి మబ్బు ఎక్కడా దొరకదు. డాలస్ వైపు కథ వేరు, అక్కడ వేసవి మబ్బు అంటే ఉరుములు మోసుకొచ్చే క్యుములోనింబస్. రేటింగ్ ఉన్నా దాన్ని తప్పించుకు పోవాల్సిందే.

రేటింగ్‌కు ఉన్న హద్దు అక్కడే కనిపిస్తుంది. 1953లో ధ్వని వేగానికి రెట్టింపు వేగంతో ఎగిరిన మొదటి మనిషి స్కాట్ క్రాస్‌ఫీల్డ్. ఆయన 2006 ఏప్రిల్ 19న, 84 ఏళ్ల వయసులో, సొంత సెస్నా 210 నడుపుతూ జార్జియా రాష్ట్రంలో ఉరుముల మబ్బులోకి వెళ్లి చనిపోయారు. ఐఎఫ్ఆర్‌లోనే ఉన్నారు, కంట్రోలర్‌తో మాట్లాడుతూనే ఉన్నారు. ఆయన తాజా వాతావరణం కనుక్కోలేదని, కంట్రోలర్ కూడా హెచ్చరించలేదని ఎన్‌టీఎస్‌బీ రాసింది. 2020 జనవరి 26న కోబీ బ్రయంట్ ప్రయాణించిన హెలికాప్టర్ కాలిఫోర్నియాలోని కలబసస్ కొండల దగ్గర కూలింది. దాని పైలట్‌కూ ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ ఉంది. కానీ ఆ సంస్థకు వీఎఫ్ఆర్ ప్రయాణాలకే అనుమతి. కంటి చూపుతో నడుపుతూ మబ్బులోకి జారి ఆయన కూడా ఒరుగు తెలియని ఆ స్థితిలోనే పడ్డారు. చిన్న విమానాల్లో చాలావాటికి రెక్కల మీద మంచు పేరితే కరిగించే ఏర్పాటే ఉండదు. చలికాలం అమెరికా ఉత్తరాన రేటింగ్ పర్సులోనే ఉండిపోతుంది.

రేటింగ్‌కు గడువు తేదీ లేదు, చేతి వాటానికి ఉంది. మబ్బులోకి వెళ్లాలంటే గత 6 నెలల్లో 6 అప్రోచ్‌లు, హోల్డింగ్, దారి పట్టి నడవడం చేసి ఉండాలి. అది తప్పాక ఇంకో 6 నెలలు దాటితే ఇన్‌స్ట్రక్టర్ దగ్గర మళ్లీ ప్రొఫిషియెన్సీ చెక్ ఇవ్వాలి. చట్టం పెట్టిన ఈ లెక్క కనీసం మాత్రమే. అసలు అదే చట్టం అమెరికాలో ప్రైవేట్ పైలట్‌ను ముక్కు ముందు ఏమీ కనిపించని పొగమంచులో టేకాఫ్ చేయనిస్తుంది. దాన్ని వాడుకోని వివేకం మాత్రం పైలటే తెచ్చుకోవాలి. కొత్తగా పాసైనవాళ్లు సొంతంగా ఒక గీత గీసుకుంటారు. మొదటి ఏడాది మబ్బు అడుగు 1,000 అడుగుల కన్నా కిందికి దిగితే వెళ్లం అని. మంచి అలవాటు.

ఖర్చు మాట కూడా ఉంది. విమానం అద్దె, ఇన్‌స్ట్రక్టర్ ఫీజు కలిపితే గంటకు 200 డాలర్లు దాటడం అక్కడ మామూలైంది. అలా చూస్తే 40 గంటలకు 8,000 డాలర్లు. పరీక్ష ఫీజులు, పుస్తకాలు, అదనపు గంటలు పైన. నలభైతో పూర్తి చేసేవాళ్లు తక్కువ. ఇంట్లో కంప్యూటర్ సిమ్యులేటర్ మీద క్లియరెన్సులు, హోల్డింగులు సాధన చేసి వెళ్లేవాళ్లకు గాల్లో గంటలు కలిసొస్తాయి, ఆ గంటలు లాగ్‌బుక్‌లోకి రాకపోయినా సరే.

చేరాలా వద్దా అని అడిగేవాళ్లకు ఒక్కటే సలహా. ఫీజు కట్టక ముందే వచ్చే రెండేళ్ల క్యాలెండర్ తీసి చూసుకోండి. పరీక్ష పాసయ్యాక కూడా నెలకు ఒకటి రెండు సార్లు సాధనాల మీద ఎగిరే తీరిక, డబ్బు ఉంటాయనిపిస్తే వెంటనే చేరండి, వారానికి మూడు పాఠాల చొప్పున ఆగకుండా ముగించండి. ఏడాదికి నాలుగు ఆదివారాలు మాత్రమే ఎగిరేవాళ్లయితే ఆ డబ్బుతో ఓ మంచి ఇన్‌స్ట్రక్టర్‌ను పెట్టుకుని, ఆరు నెలలకోసారి కళ్లకు అడ్డం పెట్టుకుని వెనక్కి తిరిగి బయటపడే సాధన చేయండి. మబ్బు ఉన్న రోజు ఇంట్లో ఉండండి.